బొటిక్‌కు చీరల రాక్ కంటే ముందు ట్రయల్ రూమ్ కావాలి

ప్రశ్న: మాది ఖమ్మం. ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. నెలకు నలభై, పెళ్లిళ్ల సీజన్‌లో అరవై దాకా వస్తాయి. ఇప్పుడు సొంతంగా బొటిక్ పెట్టాలని ఉంది. చేతిలో 4 లక్షలు ఉన్నాయి. మా మరిది మెయిన్ రోడ్డు మీద 14 వేల అద్దెకు షాపు చూశాడు, ఆరు నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు. షాపు నిండుగా కనపడాలంటే కనీసం 3 లక్షల చీరలు, డ్రెస్ మెటీరియల్స్ దించాలని, అందుకు నగలు కుదువ పెట్టమని ఇంట్లో అంటున్నారు. శ్రావణమాసంలో ఓపెనింగ్ అనుకుంటున్నాం. స్టాకు ఎంత పెట్టాలి? రేట్లు ఎలా వేయాలి? లైసెన్సులు ఏం కావాలి? కుట్టేవాళ్లను ఎలా పెట్టుకోవాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: నగలు కుదువ పెట్టొద్దు. ఆ మాట ముందే చెప్పి మిగతావి మాట్లాడుకుందాం.

ఎనిమిదేళ్లుగా మీ గుమ్మం ఎక్కుతున్నవాళ్లు చీర కొనడానికి రావడం లేదు, కొన్న చీర చేత్తో పట్టుకుని వస్తున్నారు. మీ ఊళ్లోనే నాలుగంతస్తుల షోరూములు ఉన్నాయి. వాళ్ల దగ్గర ఒక రంగులో వంద చీరలుంటే మీ దగ్గర రెండుంటాయి. ఆ పోటీలో మీరు నెగ్గలేరు, నెగ్గాల్సిన అవసరమూ లేదు. ఆ షోరూముల్లో చీర కొన్న ప్రతి మనిషికీ ఒంటికి సరిపోయే జాకెట్టు కావాలి, అదీ చెప్పిన తేదీకి కావాలి. మీ వ్యాపారం అక్కడుంది. కాబట్టి డబ్బు కూడా అక్కడే పెట్టండి: మిషన్లు, వెలుతురు, ట్రయల్ రూమ్, లైనింగు, కుట్టే చేతులు.

మెయిన్ రోడ్డు షాపు లెక్క చూడండి. ఆరు నెలల అడ్వాన్సుకే 84 వేలు పోతాయి. చీరల కొట్టుకైతే దారిన పోయేవాళ్ల చూపు పడాలి. కుట్టుపనికి జనం వెతుక్కుంటూ వస్తారు, ఇప్పుడు మీ ఇంటికి వస్తున్నట్టే. మెయిన్ రోడ్డుకు ఒక సందు లోపల, స్కూటీ ఆపుకోవడానికి చోటున్న గది 7 వేలకు దొరికితే అది చాలు. ఇప్పుడు వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడిచి రాగలిగే చోటైతే మరీ మంచిది. ఒప్పందం 11 నెలలకు రాయించుకోండి. రెండో ఏడు అద్దె ఎంత పెంచుతారో, బోర్డు ఎక్కడ పెట్టుకోవచ్చో, అడ్వాన్సు ఎన్నాళ్లలో తిరిగిస్తారో అందులోనే ఉండాలి. కరెంటు మీటరు కమర్షియలా, ఇంటి మీటరా అని అడగండి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే తనిఖీలో జరిమానా పడేది వాడుకునేవాళ్ల నెత్తినే. బాత్‌రూమ్ ఉందో లేదో చూడండి. రోజంతా కూర్చుని కుట్టే ఆడవాళ్లు అది లేని చోట నిలవరు.

మీ 4 లక్షలను ఇలా పంచవచ్చు. ధరలు అటూ ఇటూ అవుతాయి, పంపకం తీరు చూడండి. మూడు నెలల అడ్వాన్సు 21 వేలు. ట్రయల్ రూమ్, అద్దాలు, లైట్లు, రాక్‌లు, రంగులు కలిపి 60 వేలు. మిషన్లు, కటింగ్ టేబులు, ఐరన్ 97 వేలు. లైనింగు, దారాలు, హుక్కులు, కాన్వాసు, పైపింగ్ సామాను 25 వేలు. అమ్మకానికి బట్ట 60 వేలు. బోర్డు, బిల్లు పుస్తకాలు, సంచులు, రిజిస్ట్రేషన్లు 20 వేలు. మిగిలిన లక్షా 17 వేలు బ్యాంకులో ఉండాలి. ఎంత మంచి సరుకు కంటపడినా దాన్ని తియ్యకూడదు. ఎందుకో రేట్ల దగ్గర తెలుస్తుంది.

మిషన్ల విషయం. సర్వో మోటారు ఉన్న సింగిల్ నీడిల్ మిషన్లు రెండు, బట్ట అంచు పోగులు రాకుండా కుట్టే మూడు దారాల ఓవర్‌లాక్ ఒకటి, చీర అంచులు కుట్టే పీకో మిషన్ ఒకటి, స్టీమ్ ఐరన్. పాత క్లచ్ మోటారు మిషన్ చవగ్గా వస్తుందని తీసుకోకండి. స్విచ్ వేస్తే చాలు, మీరు కుట్టినా కుట్టకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది, కరెంటు లాగుతుంది, చప్పుడు చేస్తుంది. సర్వో మీరు పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది. కొత్తవాళ్లు కూర్చుంటే వేగం తగ్గించి పెట్టుకోవచ్చు కూడా. ఇంట్లో వాడిన సూదులు ఈ మిషన్లకు సరిపోవు, వాటి కాడ వేరు. జార్జెట్, షిఫాన్‌లకు 9 నంబరు, పట్టుకు 11, కాటన్‌కు 14 విడిగా డబ్బాల్లో పెట్టండి. పట్టు జాకెట్టు కుట్టు పక్కన దారం లాగినట్టు గీత పడిందంటే చాలాసార్లు కారణం మొద్దుబారిన సూదే. పట్టు జాకెట్టు మొదలుపెట్టే ముందు సూది మార్చడం అలవాటు చేయండి. కటింగ్ టేబులు 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు ఉంటే నడుం వంచకుండా కత్తిరించవచ్చు.

లైట్ల మీద పొదుపు వద్దు. పసుపు లైటు కింద సరిగ్గా కలిసిందనుకున్న లైనింగు ఎండలో చూస్తే వేరే రంగులో ఉంటుంది, చీరకూ జాకెట్టుకూ పొత్తు కుదరదు. పనిచేసే చోట పగటి వెలుగులాంటి తెల్ల లైట్లు పెట్టండి. అప్పుడు కూడా రంగు ఖాయం చేసే ముందు బట్టను గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూడండి. ట్రయల్ రూమ్ కనీసం 4 అడుగులకు 4 అడుగులు ఉండాలి. తెర చాలదు, లోపల గడియ ఉన్న తలుపు కావాలి. నిలువెత్తు అద్దం ఎదురుగా ఒకటి, వెనక మెడ కనపడేలా పక్కన ఇంకొకటి. షాపులో సీసీ కెమెరా పెడితే దాని చూపు ట్రయల్ రూమ్ తలుపు వైపు కూడా ఉండకూడదు, ఆ సంగతి వచ్చినవాళ్లకు చెప్పాలి. ట్రయల్ చూసిన జాకెట్టు ఆల్టరేషన్‌కు తిరిగి రావడం బాగా తగ్గిపోతుంది. తిరిగొచ్చిన ప్రతిదానికీ అరగంట పోతుంది. ఆ అరగంటకు డబ్బు ఎవరూ ఇవ్వరు.

కొలతల దగ్గర ఇంటి అలవాటు ఒకటి మానుకోవాల్సి ఉంటుంది. ఆది జాకెట్టు ఇచ్చి వెళ్లిపోతే దాన్నిబట్టి కుట్టేయడం. ఆది జాకెట్టు ఉతికి ఉతికి సాగి ఉంటుంది, లేదా ఎవరో పక్క కుట్లు విప్పి ఉంటారు, లేదా మనిషి ఒళ్లు మారి ఉంటుంది. ఆది జాకెట్టు తీసుకోండి, కానీ ఒంటి మీద కూడా కొలవండి: పొడవు, భుజం, పై ఛాతీ, ఛాతీ, నడుము, చంక చుట్టు, చేతి పొడవు, చేతి చుట్టు, ముందు మెడ, వెనక మెడ, భుజం నుంచి డార్ట్ పాయింట్ (ఛాతీ దగ్గర వేసే మడత కుట్టు కొన) దాకా. రెండు కొలతలకూ అర అంగుళం మించి తేడా వస్తే ఎందుకో అడిగి తెలుసుకున్నాకే కత్తెర పట్టాలి. వెనక మెడ బాగా లోతుగా, వెడల్పుగా అడిగితే భుజం జారుతుంది. లోతు పెంచినప్పుడు మెడ వెడల్పు తగ్గించాలి, లేదంటే వెనక కట్టుకునే డోరీ పెట్టాలి. ఈ మాట కొలత తీసేటప్పుడే చెప్పాలి, ట్రయల్‌లో చెబితే సాకులా వినిపిస్తుంది. పక్కల లోపల ఒక్కో వైపు అంగుళంన్నర మార్జిన్ వదలండి. ఆ మార్జిన్ ఉన్న జాకెట్టు నాలుగేళ్లు తొడుక్కుంటారు, మీ పేరు తలుచుకుంటారు.

ప్రతి కస్టమరుకూ బ్రౌన్ షీటు మీద పేపర్ ప్యాటర్న్ గీసి, పేరు, తేదీ రాసి కవర్లో దాచండి. మీరు లేని రోజు కూడా పని ఆగదు.

కాటన్ లైనింగును రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. ఇది మీకు తెలియనిది కాదు. కానీ పని ఎక్కువైనప్పుడు టైలర్లు ముందు ఎగ్గొట్టేది దీన్నే. మొదటి ఉతుకుకు లైనింగు కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడితే, జాకెట్టు బిగుతైతే, తప్పు మీ ఖాతాలోకే వస్తుంది. అందుకే లైనింగు తెచ్చిన రోజే మొత్తం తానులు తడిపి ఆరేసి రాక్‌లో పెట్టండి, ఇక ఎగ్గొట్టడానికి వీలుండదు. ఎరుపు, మెరూన్, ముదురు నీలం తానుల అంచును తడి తెల్లబట్టతో రుద్ది చూడండి. రంగు అంటితే ఆ తాను వెనక్కి పంపండి. ముప్ఫై రంగులు, రంగుకు 5 మీటర్లు, నలుపు, తెలుపు, స్కిన్, మెరూన్, బంగారు రంగు 10 మీటర్ల చొప్పున ఉంటే మొదటికి సరిపోతుంది.

ఇక అమ్మకానికి 60 వేల బట్ట. చీరలు కాదు, మీటర్ల లెక్కన జాకెట్టు బట్ట పెట్టండి: ప్లెయిన్ రా సిల్క్, బ్రొకేడ్, పోచంపల్లి ఇక్కత్, పెడన కలంకారీ, మంగళగిరి కాటన్. చీర తెచ్చినవాళ్లకు దానితో వచ్చిన జాకెట్టు ముక్క (రన్నింగ్ బ్లౌజ్) నచ్చకపోతే అక్కడికక్కడే చీర మీద వేసి చూపించవచ్చు. ఆ బట్ట కొన్నవాళ్లు కుట్టుపని కూడా మీకే ఇస్తారు, ఒకే మనిషి దగ్గర రెండు ఆదాయాలు. పైగా మీటరు బట్టకు సైజు తంటా లేదు. రెడీమేడ్ కుర్తీల్లో అయితే ఎల్ సైజు అయిపోయి ఎక్స్ఎస్ మిగులుతుంది, దాన్ని ఎవరికీ అంటగట్టలేరు. విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ బజారు మీకు హైదరాబాద్ మదీనా కంటే దగ్గర. మొదట అక్కడికే వెళ్లండి. చేనేత మాత్రం వీలైతే నేసే ఊళ్ల నుంచే తెప్పించుకోండి. ఇక్కత్ కొనేటప్పుడు బట్ట తిప్పి చూడండి. నేసినదైతే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. వెనక వెలిసినట్టుంటే అది ప్రింటు. ప్రింటు అమ్మడం తప్పు కాదు, ప్రింటును నేత అని అమ్మడం తప్పు. పట్టు అన్నదాంట్లోంచి రెండు పోగులు తీసి కాల్చండి. పట్టయితే జుట్టు కాలిన వాసన వచ్చి వేళ్ల మధ్య పొడి అవుతుంది, పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఏ బట్టయినా రెండు నెలల్లో కదలకపోతే అసలు ధరకే వదిలించుకోండి. దాని మీద లాభం కోసం కూర్చుంటే అంత డబ్బూ రాక్‌లో చచ్చుబడిపోతుంది.

రేట్లకు వద్దాం. పక్క టైలర్ ఎంత తీసుకుంటున్నాడో చూసి దానికి ఇరవై తగ్గించడం రేటు వేసే పద్ధతి కాదు. ఒక ఉదాహరణ: అద్దె 7 వేలు, కరెంటు 1,500, హెమ్మింగ్, హుక్కులు చూసే మనిషికి 8 వేలు, ఫోను, సంచులు, రిపేర్లు 1,500, మీ జీతం 15 వేలు. మొత్తం నెలకు 33 వేలు. మీ జీతం తప్పకుండా వేసుకోవాలి. ఇంట్లో కుట్టినన్నాళ్లూ దాన్ని లెక్కలో చూపలేదు కాబట్టే లాభం వస్తున్నట్టు కనిపించింది. నెలకు 110 జాకెట్లు కుడితే ఒక్కోదాని మీద 300 పడుతుంది. లైనింగు, దారం, హుక్కులు 90, టైలర్‌కు పీస్ రేటు 150 కలిపితే 540. కాబట్టి మామూలు లైనింగ్ జాకెట్టుకు 550 తీసుకుంటే బొటాబొటీగా సరిపోతుంది. 450కి కుడితే ఒక్కోదానికి 90 రూపాయలు మీరు ఎదురు పెడుతున్నట్టు.

మొదట్లో 110 రావు, ఇప్పుడు సీజన్‌లో వచ్చినట్టే అరవై వస్తాయనుకుందాం. 550లో సామాను, కూలి పోను ఒక్కోదానికి 310 మిగులుతుంది. అరవైకి 18,600. మీ జీతం తీసేస్తే నెల ఖర్చు 18 వేలు. అంటే షాపు తన ఖర్చు తను చూసుకుంటుంది, మీ చేతికి మాత్రం దాదాపు ఏమీ రాదు. బ్యాంకులో ఉంచమన్న లక్షా 17 వేలు ఈ నెలల కోసమే, ఒక్క గిరాకీ రాకపోయినా మూడున్నర నెలల ఖర్చుకు సరిపోతుంది. అదే 14 వేల అద్దె షాపయితే ఇదే పనికి నెలకు 6,400 చేతి నుంచి పడుతుంది, నగల వడ్డీ దానికి అదనం.

అసలు మిగులు ప్రిన్సెస్ కట్, ప్యాడెడ్ జాకెట్లు, లెహంగాలు, మగ్గం వర్క్ (బట్టను చట్రానికి బిగించి చేత్తో చేసే ఎంబ్రాయిడరీ) మీద వస్తుంది. మగ్గం వర్క్‌కు డిజైను చూసి ఉజ్జాయింపుగా రేటు చెబితే దెబ్బతింటారు. గంటల్లో లెక్కగట్టండి: ఎన్ని గంటల పని, గంటకు వర్కర్ కూలి ఎంత, జర్దోసి, కట్‌దానా, పూసలు ఎన్ని గ్రాములు. దాని మీద మీ లాభం. మొదటి కొన్ని పనులకు గంటలు రాసి పెట్టుకుంటే తర్వాత డిజైను చూడగానే లెక్క తడుతుంది. పెళ్లికూతురి జాకెట్టయితే ముందు మామూలు కాటన్‌తో ఒక ట్రయల్ జాకెట్టు కుట్టి, తొడిగి చూసి, ఆ కొలతతో పట్టు మీద గీత గీయాలి. వర్క్ పూర్తయ్యాక మెడ అర అంగుళం దించమంటే చేయగలిగేది ఏమీ ఉండదు. కత్తిరించకుండా బట్టంతా మగ్గానికి బిగించి, వర్క్ అయ్యాకే కత్తెర పెట్టాలి. కుట్టు గీతకు అర అంగుళం ఇవతలే పూసలు ఆపమని గీసి చూపించండి. లేకపోతే పూస మీద సూది విరుగుతుంది, ఆ ముక్క కంటికి తగలొచ్చు. మగ్గం మీద బిగిసిన బట్ట విప్పాక కాస్త దగ్గరికి జరుగుతుంది. అందుకని విప్పి, ఒక పూట వదిలేసి, మళ్లీ కొలిచి కత్తిరించండి. ఇస్త్రీ వెనక వైపు నుంచి, కింద మెత్తటి తువ్వాలు వేసి చేయాలి. అతికించిన స్టోన్లకు వేడి తగిలితే జిగురు వదిలేస్తుంది.

బట్ట తీసుకునేటప్పుడే బిల్లు రాయండి. వరుస నంబరు, బట్ట ముక్క ఒకటి బిల్లుకు పిన్ను చేసి, ఫొటో తీసి, మరక గానీ చిరుగు గానీ ఉంటే కస్టమరు ముందే రాయండి. బిల్లు మీద ట్రయల్ తేదీ, డెలివరీ తేదీ విడిగా ఉండాలి. సగం అడ్వాన్సు. చుట్టాలు, పక్కింటివాళ్లు తగ్గించమంటారు, అరువడుగుతారు. రేట్ల బోర్డు గోడకు ఉంటే మీకు మొహమాటం తగ్గుతుంది. చేయి తిరిగిన టైలర్ రోజుకు నాలుగైదు లైనింగ్ జాకెట్లు కుడతారు. ఒప్పుకున్నవాటిని రోజూ గోడ క్యాలెండర్ మీద గీతలుగా వేసి, ఆ రోజు నిండితే తర్వాతి రోజు తేదీయే ఇవ్వండి. ఎంత దగ్గరివాళ్లయినా సరే. పెళ్లి తెల్లారి ఉంటే జాకెట్టు ఇవ్వలేకపోయిన షాపును ఆ ఇంటి ఆడవాళ్లు ఎన్నేళ్లయినా మర్చిపోరు.

కుట్టేవాళ్ల విషయంలో ఒక్కటే గట్టిగా చెప్పాలి: కటింగు మీ చేతిలోనే ఉండాలి. కటింగ్ మాస్టర్ చేతిలో పెడితే అతను మానేసిన రోజు షాపు మూతపడుతుంది. మొదట పీస్ రేటుకు ఒక టైలర్, చేతిపనికి ఒక మనిషి చాలు. కొత్తగా చేరేవాళ్లు ముందే పెద్ద అడ్వాన్సు అడగడం ఈ పనిలో మామూలే. రెండు వారాల కూలికి మించి ఇవ్వకండి, ఇచ్చింది పుస్తకంలో సంతకంతో ఉండాలి. కత్తెర పెట్టే ముందు మూడు చూడాలి: బుటాలు తలకిందులుగా లేవా, చేతులు కుడిది ఒకటి, ఎడమది ఒకటి వస్తున్నాయా, బార్డరు రెండు చేతులకూ సరిపోతుందా. పట్టు జాకెట్లు పాడయ్యేది ఎక్కువగా ఈ మూడింటి దగ్గరే.

లైసెన్సులు భయపడినంత లేవు. మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ దగ్గర షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, షాపు పేరు మీద బ్యాంకులో కరెంట్ ఖాతా. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, డబ్బు అడిగేవాళ్లు దళారులు. తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ కావాలి. నెలకు 110 జాకెట్లయినా మీది 7 లక్షల 26 వేలే, కాబట్టి ఇప్పుడు అక్కర్లేదు. కానీ మీకు ఆంధ్ర సరిహద్దు పక్కనే. విజయవాడ, జగ్గయ్యపేట కస్టమర్లకు బట్ట అమ్మి కొరియర్ చేయడం మొదలుపెడితే రాష్ట్రం దాటిన అమ్మకం అవుతుంది, దానికి టర్నోవర్‌తో పనిలేకుండా సాధారణంగా రిజిస్ట్రేషన్ అడుగుతారు. ఆ పని మొదలుపెట్టే ముందు అకౌంటెంట్‌తో మాట్లాడండి.

అప్పు కావాలనుకుంటే నగలకంటే మంచి దారులున్నాయి. పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. శిక్షణ, 15 వేల టూల్‌కిట్ వోచరు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష రుణం ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే. కేంద్రం స్వయం ఉపాధి పథకం పీఎంఈజీపీలో మహిళలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం సబ్సిడీ ఉంది గానీ అది కొత్త యూనిట్లకే. షాపు తెరిచేశాక దరఖాస్తు చేస్తే కుదరదు. దాని మీద ఆశ ఉంటే అడ్వాన్సు ఇవ్వకముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి.

చివరగా ముహూర్తం. శ్రావణంలో తెరిస్తే మొదటి వారమే వరలక్ష్మీ వ్రతం జాకెట్లు, పెళ్లి జాకెట్లు మీద పడతాయి. కొత్త టైలర్, కొత్త మిషన్లు, అలవాటు లేని గది. మొదటి నెలలోనే తేదీలు తప్పుతాయి. జ్యేష్ఠంలో మంచి రోజు చూసి పూజ చేసుకుని పని అక్కడికి మార్చేయండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఆ నెలంతా పాత కస్టమర్లవే కుడుతూ టైలర్ పనితనం చూసుకోండి, లైనింగు తడిపి రాక్‌లు నింపుకోండి, పేపర్ ప్యాటర్న్‌లు గీసుకోండి. శ్రావణానికి బుకింగులు ఆషాఢం రెండో పక్షంలోనే తీసుకోవడం మొదలుపెట్టి, క్యాలెండర్ నిండగానే ఆపేయండి.